అమ్మకి ఫోన్ ఇవ్వు

ఓడరేవు, నావికుల బస

వదినా,

నేను బాగున్నానని ముందు రాయాలి. రాయను. నిన్నటి నుంచి బాగాలేను.

నిన్న మా సరుకు ఓడ రేవులో ఆగింది. ఇంజను గదిలో ఒక మోటారు కాలిపోతే దాని తీగలు విప్పుతూ కూర్చున్నాను, మోచేతుల దాకా గ్రీజు. ఫోన్ మోగింది. చూస్తే అన్నయ్య. చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను. "కందిరీగా, ఎలా ఉన్నావే?" అన్నాడు. ఆ పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో. ఆ తరవాతి మాట విన్నాక చేతిలో తీగ అక్కడే వదిలేశాను.

"అమ్మకి ఫోన్ ఇవ్వు" అన్నాడు.

అమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. కబురు అందేసరికి నేను నడిసముద్రంలో ఉన్నాను. ఒడ్డు చేరి, దొరికిన బండ్లన్నీ ఎక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. నేనింకా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఉన్నాను. ఇంటినిండా జనం. అన్నయ్య, ఆ పెద్దమనిషి, ఏమన్నాడో నువ్వూ విన్నావు. "చుట్టంలా వచ్చావు, చుట్టంలాగే వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. ఆ రోజు నుంచి నిన్నటి దాకా మా ఇద్దరికీ మాటల్లేవు. స్ట్రోక్ వచ్చిందని కూడా నీ నోట వినడమే.

అప్పుడు నువ్వేమన్నావు? చెయ్యి కాస్త బలహీనంగా ఉంది, కొంచెం మతిమరుపు కూడా అన్నావు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయే రకం అనుకున్నాను. తల్లి పోయిన సంగతే మరిచిపోయే రకమని చెప్పలేదు. పైగా అమ్మ నా దగ్గరుందని ఆయనకి ఎవరు చెప్పారు? ఓడలోనా? నా గదిలో రెండో మంచం పట్టదు.

అమ్మ పడుకుందని చెప్పాను. అప్పుడు నోటికొచ్చింది అదే. చెప్పాక ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో తెలియక నీకు రాస్తున్నాను. జవాబు రాయి. ఫోన్ చెయ్యకు. మధ్యలో ఆయన అందుకుంటే మళ్ళీ అమ్మని నిద్రపుచ్చాలి.

నీ ఆడపడుచు

*

పరదాలు కుట్టే షాపు

కందిరీగా,

అదృష్టం బాగుండి నీ ఉత్తరం గుమ్మంలో నా చేతికే చిక్కింది. ఆయన చేతిలో పడితే కొంప మునిగేది. ఇకమీదట షాపు అడ్రసుకి రాయి.

తిట్టావు. సరే. ఇప్పుడు నా సంగతి విను. మీ అన్నయ్య పొద్దున లేస్తూనే "అమ్మ లేచిందా?" అంటారు. మొదట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. అప్పుడే విన్నట్టు కుప్పకూలిపోయేవారు. అంత ఏడుపూ ఏడ్చి, మొహం కడుక్కుని, టీ తాగుతూ "అమ్మ తాగిందా?" అనేవారు. మళ్ళీ చెప్పాలి. మళ్ళీ కూలబడాలి. ఒక మనిషికి తల్లి ఎన్నిసార్లు పోవాలి? చెప్పేదాన్ని నేను. చెప్పి చెప్పి అత్తయ్యని రోజూ నేనే చంపుతున్నట్టు అయిపోయింది. ఒక రోజు ఇక ఓపిక లేక, "చెల్లెలి దగ్గరికి వెళ్ళింది" అన్నాను. నువ్వు ఓడ ఉద్యోగం మానేసి రేవు పక్కన ఇల్లు తీసుకున్నావని కూడా అన్నాను. ఆయన మొహం ఎలా విప్పారిందో చూసి ఉంటే నువ్వూ ఆ మాటే చెప్పేదానివి.

పాతవన్నీ బాగానే ఉన్నాయి. లిఫ్టులు బాగుచేసిన మనిషి కదా, ఏ బిల్డింగులో లిఫ్టు ఏ అంతస్తు దగ్గర ఇరుక్కుంటుందో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్తారు. స్ట్రోక్‌కి ముందు రెండేళ్ళు మాత్రం ఊడ్చిపెట్టుకుపోయాయి. ఆ తరవాతవి ఏవీ నిలవడం లేదు. పొయ్యి వెలిగించి గిన్నె కోసం వెళ్ళి, గిన్నె తెచ్చేసరికి పొయ్యి ఎవరు వెలిగించారని నన్ను అడుగుతారు. షాపులో కుడుతున్నా నా చెవులు ఇంట్లోనే ఉంటాయి. పక్కింటావిడ కాసేపు కూర్చుంటుంది, కానీ ఆవిడ సహనానికీ ఒక హద్దు ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అయస్కాంతం మెషీన్ వైద్యం ఒకటి చెప్పింది. తల కొయ్యకుండా బయటి నుంచే ఇస్తారట. స్ట్రోక్ తరవాత వచ్చే మతిమరుపుకి పనిచేస్తుందో లేదో ఇంకా పరిశీలిస్తున్నారట. నాకు సగమే అర్థమైంది. తీగలతో బతికేదానివి కదా, వివరంగా రాయి.

ఈలోగా ఆయన ఫోన్ చేస్తే అత్తయ్య మీ ఇంట్లోనే ఉంది. అది గుర్తుపెట్టుకో. ఇంట్లో మరిచిపోయేవాళ్ళు ఒకరు చాలు.

వదిన

*

ఓడ మీద, తీరం ఇంకా కనబడుతోంది

వదినా,

నిన్ను తిట్టడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

అన్నయ్య మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్నాడు. ఒకసారి అమ్మ స్నానానికి వెళ్ళింది. ఒకసారి పక్కింట్లో కబుర్లు చెప్తోంది. మొన్న ఇంటికి బాల్కనీ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఎటు వైపు అన్నాడు. తూర్పు అన్నాను. అమ్మకి ఎండ తగులుతుంది, మంచిది అన్నాడు. ఆ ఇంటికి ఇంకేమైనా గదులు వెయ్యదలిస్తే ముందే చెప్పు, నేను మరోలా చెప్పేస్తే గోల.

మెషీన్ సంగతి. రాగితీగ చుట్టలోకి కరెంటు ఠక్కున పంపి ఆపితే, ఆ క్షణం దాని చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుంది. దానికి ఎముక అడ్డు కాదు. లోపల మెదడు కణాలు కూడా చిన్న చిన్న కరెంటుతోనే ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి కాబట్టి, వాటిలో కదలిక వస్తుంది. మత్తు అక్కర్లేదు, మెలకువగానే ఉంటాడు. తలలో గానీ గుండెలో గానీ లోహపు ముక్కలు, బ్యాటరీలు ఉన్నాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీకు ఈమధ్య అబద్ధాలు అలవాటయ్యాయి, అందుకని చెప్తున్నాను.

ఇప్పించు వదినా. ఇందులో నా స్వార్థం కూడా ఉంది. ఆయనకి ఆ రోజు గుర్తు రావాలి. నన్ను అంత మాట అన్న మనిషి, అన్నట్టే తెలియకుండా గారాబంగా పిలుస్తుంటే నేను ఎవరితో పోట్లాడను? ఆ మాటకి రెండేళ్ళుగా జవాబు తయారుచేసుకున్నాను. ఇంజను రొదలో ఎవరికీ వినబడదని పైకే చెప్పుకునేదాన్ని. ఒక్కో వాక్యం మార్చి మార్చి బాగా పదును పెట్టాను. అంతా అయ్యాక ఇప్పుడు అవతలి మనిషి లేడు. ఉన్నాడు గానీ, ఆ మనిషి కాదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

కందిరీగ

*

ఆసుపత్రి, మెషీన్ గది బయట బల్ల మీద

కందిరీగా,

మొదలైంది. సెలవు రోజులు తప్ప రోజూ తీసుకురమ్మన్నారు. షాపులో యజమానురాలి మొహం ఎలా ఉందో నువ్వు ఊహించుకో, నేను రాయను.

కుర్చీలో కూర్చోబెట్టి చెవుల్లో బిరడాలు పెడతారు. రెండు చక్రాలు పక్కపక్కన అతికించినట్టుండే చుట్టని తలకి ఆనిస్తారు. టకటకటకమని కొడుతుంది, ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. నుదురు అదురుతుంది. కాస్త తలనొప్పి వస్తే మాత్ర ఇస్తారు. తరవాత పక్క గదిలో ఒకావిడ చిన్న కథ చదివి మళ్ళీ చెప్పమంటుంది, బొమ్మలు చూపించి ఇందాక చూసినవి ఏవో గుర్తుపట్టమంటుంది. ఇంట్లో కూడా అదే చేయించాలట.

వినడానికి బాగానే ఉంది. కానీ మీ అన్నయ్యకి రోజూ ఇదే మొదటి రోజు. రోజూ "ఇది ఏం ఆసుపత్రి? నాకేమైంది?" దగ్గర నుంచి మొదలు. రోజూ లేచి మెషీన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "కాయిల్ వేడెక్కుతోందమ్మా, వెనకాల గాలి ఆడేలా జరపండి" అని మెషీన్ నడిపే ఆవిడకి చెప్తారు. ఆవిడ రోజూ "అలాగేనండీ" అంటుంది. ఆవిడ ఓపికలో పావువంతు నాకుంటే మా సంసారం ఇంకోలా ఉండేది.

నీ కోసం డాక్టరమ్మని అడిగాను, పోయిన రెండేళ్ళూ తిరిగొస్తాయా అని. "పోయినవాటిని వెతికి తెచ్చే మెషీన్ కాదండీ ఇది" అంది. "కొత్తవాటిని పట్టుకోవడానికి మెదడుకి కాస్త సాయం అవుతుందేమో చూస్తున్నాం. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. మాట ఇవ్వలేను." కాబట్టి నువ్వు పదును పెట్టిన జవాబు మడిచి పెట్టెలో పెట్టుకో.

ఇంకో మాట. ఆయన చేత పజిల్స్ చేయించు, పాత ఫొటోలు చూపించు, పాటలు వినిపించు, తినడానికి ఫలానాది పెట్టు అని మెసేజీల మీద మెసేజీలు పెట్టడం ఆపు. ఆయన్ని లేపి, తయారుచేసి, బస్సెక్కించి, దింపి, ఇంటికి చేర్చి, తిరిగి షాపుకొచ్చి పరదాలు కుట్టాలి. పాటలు పెడితే మాత్రం కొంచెంసేపు నేను వింటాను.

వదిన

*

ఇంకో రేవు

వదినా,

అయితే ఇంకెందుకు ఈ వైద్యం? ఆయనకి నన్నన్న మాట గుర్తు రానే రాదు, అమ్మ విషయం నిలవనే నిలవదు. నెత్తిన టకటక కొట్టించుకోవడానికి అంత దూరం వెళ్ళాలా?

ఈ మాట కోపంలో రాశాను. కొట్టెయ్యను, నువ్వు చదవాలి.

పొద్దున ఫోన్ చేశాడు. అమ్మ నిద్రపోతోందన్నాను. "పోనీ పడుకోనీ, లేపకు" అన్నాడు. తరవాత "నువ్వు దగ్గరుండి చూసుకుంటున్నావు కాబట్టి నాకు దిగుల్లేదే. నా వల్ల ఇప్పుడు ఏమవుతుంది చెప్పు. నువ్వు కాబట్టి" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అమ్మని చూసుకోలేదని నన్ను గుమ్మంలోంచే పంపించిన మనిషి. అమ్మ లేకుండా పోయాక, అమ్మని బాగా చూసుకుంటున్నానని మెచ్చుకుంటున్నాడు. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. ఇంకా సిగ్గుచేటు చెప్పనా? ఆ మెప్పు తియ్యగా ఉంది. మళ్ళీ ఎప్పుడు చేస్తాడా అని ఫోన్ పక్కనే పెట్టుకుంటున్నాను. లేని ఇంటికి కర్టెన్లు కూడా ఎంచుకున్నాను, నీలం రంగువి. నువ్వు ఈ అబద్ధం నా కోసం చెప్పలేదు, తెలుసు. కానీ నన్నూ ఇందులో బంధించేశావు.

కందిరీగ

*

పరదాలు కుట్టే షాపు

కందిరీగా,

నీలం వద్దు. ఎండకి వెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. పోయినవారం కుర్చీలో కూర్చుని మెషీన్ మొదలవగానే మీ అన్నయ్య చెయ్యి పైకెత్తారు. "నిన్న దీని చప్పుడు ఇలా లేదు" అన్నారు. మెషీన్ నడిపే ఆవిడ ఆపేసింది. నేను బల్ల మీంచి లేచి లోపలికి వెళ్ళాను. నిజంగానే ఆ రోజు చుట్ట మార్చారట. కాయిల్ గురించి నాకు అక్కర్లేదు. "నిన్న" అన్నారు, అది చాలు. స్ట్రోక్ వచ్చాక ఆయన నోట నిన్న అనే మాట నేను వినలేదు.

సంతోషంగా ఉంది కదా అంటావు. ఉండాల్సిందే. కానీ ఏం గుర్తుంటున్నాయో తెలుసా? నా అబద్ధాలు. మొన్న మధ్యాహ్నం "అమ్మ పక్కింటికి వెళ్ళిందన్నావు, ఆ ముందు చెల్లెలి దగ్గరుందన్నావు. ఏ పక్కిల్లు?" అన్నారు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిన్న "ఎప్పుడు ఫోన్ చేసినా అమ్మ పడుకునే ఉంటుందేం? ఒంట్లో బాగాలేదా? నా దగ్గర దాస్తున్నారా?" అని అన్నం ముందు నుంచి లేచిపోయారు. అన్నీ నిలవవు. సగం నిలుస్తాయి. సగమే నిలవడం ఇంకా నరకం. కారణం పోయి కంగారు ఒక్కటే మిగులుతోంది.

డాక్టరమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. తిట్టలేదు. "అప్పుడు మీకు వేరే దారి లేదేమో. ఇప్పుడు ఆయన పట్టుకోవడం మొదలుపెట్టారు. పట్టుకునేది నిజమైతే మంచిది. ఒకే మాట, నెమ్మదిగా, అందరూ ఒకేలా చెప్పండి" అంది.

నేను చెప్పలేను. చాలాసార్లు చెప్పాను కదా, ఇంక నా వల్ల కాదు. పైగా నన్ను నమ్మరు. అత్తయ్య నీ దగ్గరుందనుకుంటున్న మనిషికి, లేదని నువ్వు చెప్పాలి. సెలవు దొరకదు, ఓడ ఆగదు అని రాయకు. నువ్వు రా.

వదిన

*

రైల్వే స్టేషన్, వెయిటింగ్ హాలు

వదినా,

నువ్వు షాపు నుంచి తిరిగొచ్చేసరికి నేను సంచి సర్దుకుని ఉన్నాను. ఏం జరిగిందని కళ్ళతో అడిగావు. ఆయన ముందు చెప్పలేకపోయాను. నిన్ను పనికి తరిమింది నేనే. నువ్వు పక్కన ఉంటే నీ మొహం చూసి నేను మానేస్తానని భయం.

ముందు గదిలో ఇస్త్రీపెట్టె విప్పుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి పట్టు తప్పుతోంటే నేను పెట్టె పట్టుకున్నాను, ఆయన మర తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి తలెత్తి, "అమ్మని ఒక్కదాన్నే వదిలేసి వచ్చావా?" అన్నాడు.

"అన్నయ్యా, అది పక్కన పెట్టు" అన్నాను. "అమ్మ నా దగ్గర లేదు. అమ్మ పోయింది. రెండేళ్ళయింది."

నేను అబద్ధం చెప్తున్నానేమోనని వెతికినట్టు చూశాడు.

"నాకు తెలుసా?"

"తెలుసు. అన్నీ నువ్వే దగ్గరుండి చేశావు. నీకు స్ట్రోక్ వచ్చాక అది పోయింది."

"బాగా చూసుకున్నానా?"

"చూసుకున్నావు. చివరి దాకా నీ చెయ్యి పట్టుకునే ఉందట. వదిన చెప్పింది."

ఏడ్చాడు. నువ్వు అన్నట్టే, అప్పుడే విన్నవాడిలా. నా జవాబు నా నాలుక చివరే ఉంది, వదినా. ఆయన కళ్ళు తుడుచుకుని "నువ్వు?" అన్నాడు. ఇదే సమయం అనుకున్నాను.

"నేను లేను. సముద్రంలో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది" అన్నాను. ఇప్పుడు అంటాడు, మళ్ళీ ఆ మాటే అంటాడు అనుకుని కూర్చున్నాను. అంటే ఈసారి ఊరుకోకూడదనుకున్నాను.

"అయ్యో" అన్నాడు. "ఒక్కదానివీ ఓడలో ఆ కబురు ఎలా విన్నావే?"

ఇన్నాళ్ళలో ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. నిష్ఠూరం కాదు, ఉన్నమాట. ఆయన అడిగాక చెప్పాను. కెప్టెన్ పైకి పిలిపించి కాగితం చేతిలో పెట్టాడు. చదివి కిందికి దిగాను. జనరేటర్ ఆగిపోయి ఉంది, నేనే బాగు చెయ్యాలి, దాని పక్కనే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తరవాత దాన్ని బాగుచేశాను. ఓడంతా దీపాలు వెలిగాక నాకు ఏడుపొచ్చింది. మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు.

నేను దాచుకున్న జవాబు ఎక్కడికి పోయిందో తెలియదు. నిజం చెప్పాలంటే కొంచెం చిరాగ్గా కూడా ఉంది. అంత కష్టపడి తయారుచేశాను.

ఆ మాట అన్నాడని ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. అమ్మ గురించి ఎత్తలేదు. మరిచిపోయి ఎత్తలేదో, గుర్తుండి ఎత్తలేదో తెలియలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. రేపు పొద్దున ఏమంటాడో వెంటనే రాయి.

కందిరీగ

*

పరదాలు కుట్టే షాపు

కందిరీగా,

నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున నేను వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను, ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని. వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "చెల్లి చెప్పింది. అమ్మ పోయిందట" అన్నారు. టీ ఆయన చేతికిచ్చి నేనూ పక్కన కూర్చున్నాను.

అంతా బాగుపడిపోయిందని అనుకోకు. నిన్న కూడా లేస్తూ "అమ్మ" అని, అక్కడే ఆగి, తలుపు పట్టుకుని నిలబడ్డారు. పొయ్యి దగ్గరికి ఇప్పటికీ వెళ్ళనివ్వను. డాక్టరమ్మ కూడా గొప్పలు చెప్పదు. ఈ మార్పు మెషీన్ వల్లో, రోజూ చేయించే అభ్యాసం వల్లో, రోజులు గడిచినందువల్లో విడదీసి చెప్పలేనంది. ఇంకొన్ని వారాలు రమ్మంది. నా యజమానురాలికి నువ్వు ఒక ఉత్తరం రాస్తే బాగుండు.

ఇక నీ మాట కాదన్నాను, కోపం తెచ్చుకో. రెండు రోజుల తరవాత "చెల్లి నాకు నిజం చెప్పడానికి అంత బెదిరిపోయిందేం? అప్పుడు దాన్ని నేనేమైనా అన్నానా?" అని సూటిగా అడిగారు. ఇకపై అబద్ధం చెప్పనని ఆయనకి మాటిచ్చి ఉన్నాను. అన్నారని చెప్పాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెప్పమన్నారు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. తరవాత కాగితం, పెన్ను అడిగారు.

సాయంత్రం దాకా కూర్చుని ఒక ఉత్తరం రాసి, మడిచి, అలమరలో పెట్టారు. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ కాగితాలు ముందేసుకుని రాస్తున్నారు. ఇదీ పోయిందన్నమాట అనుకున్నాను. "నిన్న రాశారు కదండీ" అన్నాను మెల్లగా.

"గుర్తుంది" అన్నారు తలెత్తకుండా. "బాగా రాలేదు."

ఆ తరవాత ఇంకో రెండు చింపారు. ఇల్లంతా కాగితం ముక్కలే, ఊడ్చేది నేను. చివరికి కుదిరింది ఇది. ఉన్నదున్నట్టు పంపుతున్నాను.

వదిన

*

కందిరీగా,

నిన్ను ఆ మాట అన్నానని మీ వదిన చెప్పింది. నాకు గుర్తులేదు. ఇన్నాళ్ళూ నాతో అబద్ధాలు చెప్పిన మనిషి కదా, ఇది కూడా అబద్ధమే అనుకుందామని చూశాను. కుదరలేదు. అది నేను అనే మాటలాగే ఉంది.

అన్నాను. గుర్తులేదు కాబట్టి అన్నది నేను కాదని చెప్పను. తప్పు నాది.

ఓడలో కబురు విన్న రోజు గురించి నువ్వు చెప్పావు. కెప్టెన్ పిలిచాడు, కాగితం ఇచ్చాడు, నువ్వు కిందికి దిగి ఆగిపోయిన జనరేటర్ పక్కన కూర్చున్నావు. అక్కడి దాకా ఉంది. ఆ తరవాతది జారిపోయింది. మళ్ళీ చెప్పు. ఫోన్‌లో వద్దు, వచ్చి చెప్పు. ఈసారి పోనివ్వను.

అన్నయ్య